నా తెర ఒక్కటే వెలిగింది

ప్రెస్సు, మేడమీది గది
సోమవారం

అక్కా,

సభ్యులంతా కలిసి నడుపుకునే మా ప్రెస్సుకి ద్రోహం జరిగింది. చేసింది పుస్తకాల పేజీలు సర్దే మా పేజీలక్క. ఉత్తరం సగం చదివి "ఎవర్రా, ఏంట్రా" అని నువ్వు విసుక్కోకుండా ముందే చెప్పేస్తున్నాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. పోయినసారి ఫోన్లో నేను అరిచాను, నువ్వు పెట్టేశావు, ఆ తర్వాత ఎన్నాళ్ళు బిగుసుకుని కూర్చున్నామో నీకూ తెలుసు. "ఇకమీదట అరవాలనిపిస్తే కాగితం మీద అరుచుకో, తీరిగ్గా చదువుకుంటాను" అన్నది నువ్వే. కాగితం మీదే అరుస్తున్నాను, విను.

పారిశుద్ధ్య కార్మికుల మహాసభ శనివారం మొదలైంది. వాళ్ళ నివేదిక పుస్తకం మేమే వేసివ్వాలి. శుక్రవారం పొద్దున కంప్యూటర్ మిషన్లు ఆన్ చేస్తే, ఆరింటిలో ఐదు తెరలు నల్లగా ఉండిపోయాయి. మొదట బొమ్మ వస్తుంది, చుక్కలు తిరుగుతాయి, ఆ తర్వాత చీకటి. మూలన తెల్లటి గీత ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది, అంతే. నా తెర ఒక్కటే వెలిగింది. పుస్తకం పేజీలేమో పేజీలక్క మిషన్లో ఇరుక్కుపోయాయి. మర్నాడు మహాసభ గుమ్మంలో నేను ఖాళీ చేతులతో నిలబడ్డాను. వాళ్ళ కార్యదర్శి తిట్టలేదు. "పోన్లే బాబూ, నోటితో చదివేస్తాం" అంది. తిట్టి ఉంటే బాగుండేదక్కా. చీపురు పట్టి చేతులు కాయలు కాచిన మనుషులు నా వైపు జాలిగా చూశారు. ఆ చూపు ఇంకా వీపుకి అంటుకునే ఉంది.

తిరిగొచ్చి మిషన్ల ముందు కూర్చున్నాను. బొమ్మల తెర రాకపోయినా అక్షరాల తెర వస్తుంది కదా, అందులోంచి లోపలికి వెళ్ళి చూశాను. ఐదింటిలోనూ గ్రాఫిక్స్ కార్డు కంపెనీవాడి డ్రైవరు! లోపల ఏముందో ఎవడికీ చూపించని మూసిన డ్రైవరు. విండోస్ వదిలి మేం లినక్స్ పెట్టుకున్నదే ఇలాంటివాళ్ళ తాళాలు మనకొద్దని. కార్డు చెప్పేది మిషన్‌కి అర్థమయ్యేట్టు చెప్పే దుబాసీయే డ్రైవరని మావాళ్ళకి ఎన్నిసార్లు వివరించానో. అందరూ చదవగలిగే స్వేచ్ఛా డ్రైవరుని నేను కూర్చోబెడితే, దాన్ని గెంటేసి కంపెనీ దుబాసీని తెచ్చుకున్నారు. అది చాలదన్నట్టు, స్వేచ్ఛా డ్రైవరుని గుమ్మం తొక్కనివ్వొద్దని ఒక ఫైలు కూడా రాసిపెట్టారు. ఆర్నెల్లుగా ఆపి ఉంచిన అప్‌డేట్లు గురువారం సాయంత్రం నేనే ఎక్కించాను. లినక్స్ గుండెకాయ, కెర్నెల్, కొత్తది వచ్చింది. కంపెనీవాడికి దాని మాట అర్థం కాలేదు. మనవాడికి అర్థమయ్యేదే, కానీ గుమ్మం బయట ఉన్నాడు. ఇక తెరకి దిక్కెవరు?

పేజీలక్కే అని ఎలా చెప్తున్నానంటే, మొదట్లో స్వేచ్ఛా డ్రైవరు పెట్టి చూస్తున్న రోజుల్లో ఆవిడది ఒకటే గొడవ. "బాబూ, నీ స్వేచ్ఛ బాగానే ఉంది గానీ, పెద్ద పేజీ తెరిస్తే తెర వణుకుతోంది. కంపెనీవాడిది ఏదో ఉందటగా, అది పెట్టిచ్చెయ్యి. నా కళ్ళు పోతున్నాయి." లినక్స్‌కి మారదామని సభ్యులంతా ఒప్పుకున్న ప్రదర్శన తర్వాత మాత్రం నోరెత్తలేదు. ఎందుకెత్తుతుంది, తనకి కావాల్సింది తను పెట్టేసుకుంటే? పొద్దున్నే తాళం తీసేదీ ఆవిడే. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎలాగూ గోడ మీద ఉంది. సభ్యుల మధ్య రహస్యాలు ఉండకూడదని నేనే పెద్దక్షరాలతో రాసి మంచినీళ్ళ డబ్బా పైన అంటించాను. ఎవరు చేసినా మిషన్‌కి "అడ్మిన్" అనే కనిపిస్తుంది. నా మిషన్ని ముట్టుకునే ధైర్యం మాత్రం ఆవిడకి లేకపోయింది.

నిన్న సమావేశం పెట్టించాను. వేలు చూపించి "ద్రోహి" అన్నాను. "నేను కాదు" అంది. అంతే, ఇంకో ముక్క లేదు. మా అధ్యక్షులు పెద్దాయన గొంతు సవరించుకుని, ఆవిడని పనిలోంచి ఆపాలన్నవాళ్ళని చేతులెత్తమన్నారు. మొదటి చెయ్యి నాది. నెలాఖరు ఆదివారం సర్వసభ్య సమావేశం. అందులో ఆవిడ పేరు సభ్యత్వంలోంచి కొట్టేస్తారు.

నువ్వు రోజూ ఈ మిషన్లతోనే కుస్తీ పడతావు కాబట్టి రెండు సంగతులు చెప్పు. తెరలు ఎలా వెలిగించాలి? ఆవిడే చేసిందని ఎలా రుజువు చెయ్యాలి?

నీ తమ్ముడు


మ్యాపుల ఆఫీసు, కింది అంతస్తు
గురువారం

ఒరేయ్ టపాకాయ్,

మా ఆఫీసులో తెర నల్లబడితే మేం టీ తాగొచ్చి లోపల ఏం జరిగిందో చూస్తాం. మీరు సమావేశం పెట్టి చేతులెత్తుతారు. ఎవరి పద్ధతి వాళ్ళది.

ముందు తెరల సంగతి. మిషన్ ఆన్ చెయ్యగానే షిఫ్టు నొక్కి పట్టుకో. ఒక మెనూ వస్తుంది. అందులో పాత కెర్నెల్ ఇంకా ఉంటుంది, దాన్ని ఎంచుకో. కంపెనీవాడి డ్రైవరుకి దాని మాట తెలుసు కనుక తెర వెలుగుతుంది. పది నిమిషాల పని. శుక్రవారం ఇది చేసి ఉంటే మీ పుస్తకం సాయంత్రానికి అచ్చయ్యేది. ఇది దెప్పడం కాదు. సరే, కొంచెం దెప్పడమే.

రుజువు సంగతి. ఏదీ చెరపకముందు, స్వేచ్ఛా డ్రైవరుని ఆపిన ఆ ఫైలు ఏ రోజు, ఏ వేళకి పుట్టిందో ఐదింటిలోనూ చూడు. ఎవరో ఒక్కొక్క మిషన్ ముందూ కూర్చుని చేసి ఉంటే వేళలు వేరువేరుగా ఉంటాయి. అన్నిటిలో ఒకే వేళ ఉంటే ఒక చోట చేసిందాన్ని మిగతా వాటిలోకి కాపీ కొట్టినట్టు. నువ్వే ఒకసారి రాశావు, ఒక మిషన్ని బాగా తయారుచేసి దాని డిస్కునే మిగతా వాటికి ఎక్కిస్తామని.

రెండోది. నీ తెర ఒక్కటే ఎందుకు వెలిగిందిరా? ధైర్యం లేక ముట్టుకోలేదన్నావు. తాళం చెవి చేతిలో ఉన్న మనిషికి, పొద్దున్నే ఒక్కతే ఉండే మనిషికి, ఐదింటికి ఉన్న ధైర్యం ఆరోదానికి ఎందుకు లేకపోయింది?

ఇంకో మాట. ఆవిడ "నేను కాదు" అన్నాక ఆవిడని ఎవరైనా ఇంకేమైనా అడిగారా? లేక అందరూ చేతుల వైపే చూశారా? ఫుట్‌పాత్ మీద కొనే నీ సన్నపుస్తకాల్లో ద్రోహుల గురించి చాలా ఉంటుందనుకుంటాను. ఎదుటి మనిషిని ప్రశ్న అడిగి జవాబు వినడం గురించి ఏ పేజీలో ఉందో చూసి రాయి.

అక్క


ప్రెస్సు, కింది హాలు
మంగళవారం

అక్కా,

పాత కెర్నెల్ ఎంచుకుంటే తెరలు వెలిగాయి. ఐదూ. ఇంత చిన్న సంగతా అని బైండర్ బాబాయి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. మహాసభవాళ్ళకి ముఖం ఎలా చూపించాలి?

పేజీలక్క పని నాకు అప్పజెప్పారు. ఆవిడ కుర్చీలో కూర్చోడానికి ఎవరూ ముందుకు రాలేదు, నాకు తప్పలేదు. కుర్చీ మీది దిండు తీసుకెళ్ళిపోయింది. పేజీలు సర్దడం చూసినంత తేలిక కాదక్కా. పేజీలో రెండు నిలువు వరుసల అడుగులు ఒక గీత మీదకి రావు. ఆవిడ చేతిలో అవే వచ్చి కూర్చునేవి.

ఆవిడ మిషన్ని మాత్రం శుద్ధి చేశాను. కంపెనీ డ్రైవరు తీసేశాను, ఆ ఫైలు తీసేశాను, స్వేచ్ఛా డ్రైవరుని కూర్చోబెట్టాను. కొత్త కెర్నెల్‌తో కూడా బ్రహ్మాండంగా లేచింది. కాకపోతే పెద్ద పేజీ తెరిస్తే తెర వణుకుతోంది. నా మిషన్లో నేను చేసేవన్నీ చిన్న కరపత్రాలు కాబట్టి ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. గంట సేపు పని చేసేసరికి కణతలు పట్టేశాయి. ఆవిడ ఊరికే గొణిగేదనుకున్నాను. అయినా కళ్ళు నొప్పెడితే నాతో తగాదా పడాలి గానీ దొంగచాటుగా మార్చేస్తారా? తప్పు తప్పే.

చెరిపే ముందే వేళలు చూశాను. పాత తేదీయే ఉంది. దాన్ని బట్టి ఏం తేలుతుందో నాకు తోచలేదు. నీ రెండో ప్రశ్న అనవసరం. నా మిషన్ని నేను జాగ్రత్తగా చూసుకుంటాను, అందుకే బాగుంది.

సన్నపుస్తకాలని వెక్కిరించకు. నాకు చదువు చెప్పింది అవే.

నీ తమ్ముడు


మ్యాపుల ఆఫీసు
శుక్రవారం

ఒరేయ్,

దిండు గురించి రాశావు, కణతల గురించి రాశావు, వరుసల అడుగుల గురించి రాశావు. తేదీ ఒక్కటి రాయలేదు. నేను అడిగింది అదొక్కటే.

నీ చిన్నప్పుడు గాజుగిన్నె పగిలినప్పుడు ఇలాగే చేశావు. ఏమైందిరా అని అమ్మ అడిగితే, గిన్నె ఒక్కటి తప్ప ప్రపంచంలో ఉన్నవన్నీ మాట్లాడావు.

ఏ తేదీ? ఐదింటిలోనూ ఒకటేనా? ఆ రోజు ఏం జరిగింది?

నెలాఖరు ఎంతో దూరం లేదు. నువ్వు జవాబు రాసేది నాకే అయినా, ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తున్నది వేరే మనిషి.

అక్క


ప్రెస్సు, మేడ మెట్లు
బుధవారం

అక్కా,

రెండు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది చించకుండా కవరులో పెట్టి అంటించేదాకా మెట్లు దిగనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను.

ఐదింటిలోనూ ఒకే తేదీ. ఒకే నిమిషం. ప్రదర్శనకి ముందు రోజు సాయంత్రం. ఆ నిమిషంలో ప్రెస్సులో ఉన్నది నేనొక్కణ్ణే.

ఇప్పుడు మొత్తం చెప్తాను. మర్నాడు సభ్యులంతా వస్తారు. మారాలా వద్దా తేల్చేది ఆ రోజే. పక్క వీధి స్కూలు టీచర్లు, సంఘాలవాళ్ళు కూడా చూడ్డానికి వస్తున్నారు. నా మిషన్ మీదే చూపించాలి. ఒకసారి సరిచూసుకుందామని పెద్ద గోడపత్రిక తెరిచాను. తెర వణికింది. ఇంకోసారి తెరిచాను, బిగుసుకుపోయింది. మళ్ళీ మళ్ళీ అదే. ఇన్ని నెలలు నేను అరిచిందంతా రేపు వాళ్ళ ముందు ఇలా వణుకుతుందా అనుకున్నాను. కంపెనీవాడి సైటుకి వెళ్ళి వాడి డ్రైవరు దించుకున్నాను. అది పెట్టాలంటే స్వేచ్ఛా డ్రైవరుని ముందు ఆపాలంది. ఆ ఫైలు రాసింది నేనే అక్కా. నా వేళ్ళతోనే.

తెర అద్దంలా నిలబడింది. మర్నాడు ఆ తెర ముందు నిలబడే స్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఇచ్చాను. "చూడండి, కంపెనీల దయ లేకుండానే నడుస్తోంది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు వణకలేదు, అదే నాకిప్పుడు అసహ్యంగా ఉంది. చప్పట్లు కొట్టారు. పెద్దాయన భుజం తట్టారు. తర్వాతి పొద్దున వచ్చి నా మిషన్లోంచి ఆ డ్రైవరుని, ఆ ఫైలుని తీసేసి, చేతులు కడుక్కున్నాను. నిజంగానే పంపు దగ్గరికి వెళ్ళి కడుక్కున్నాను. ఒక్క రోజు అబద్ధం, అయిపోయింది, ఇక నిజం మొదలవుతుంది అనుకున్నాను. నేను శుద్ధి చేశాకే నా డిస్కు మిగతా ఐదింటికి ఎక్కిందని ఇన్నాళ్ళూ నమ్మాను. ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

నిన్న బైండర్ బాబాయిని అడిగాను. డిస్కు కాపీలు ఎక్కించేది ఆయనే.

"బాబాయ్, కాపీ ఎప్పుడు కొట్టావు?"

"ఎప్పుడేంట్రా, నువ్వు చప్పట్లు కొట్టించుకున్న రోజు సాయంత్రమే. మీరంతా కిందకి టీలకి పోలా? నేను జిగురు ఆరేదాకా ఖాళీగా ఉండి ఆ పనీ కానిచ్చేశా."

"నేను చెప్పేదాకా ఆగొద్దా?"

"బాగా నడుస్తున్నదాన్ని కాపీ కొట్టమన్నావు. ఆ రోజు బ్రహ్మాండంగా నడిచింది. ఇంకేం ఆగాలి? ఏం, తప్పు చేశానా?"

"నువ్వు కాదు బాబాయ్."

"మరి ముఖం అలా పెట్టావేం? జ్వరమా?"

జ్వరమేనన్నాను.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికే ఎక్కువ కష్టంగా ఉంది. ఆ కాపీ ఎక్కిన వారంలో పేజీలక్క నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏం మంత్రం వేశావో గానీ బాబూ, వణుకు పోయింది. నా కళ్ళు నిలబెట్టావు" అంది. నేను కూర్చున్న చోటి నుంచి లేవకుండానే, "స్వేచ్ఛకి కొంచెం ఓపిక ఇవ్వాలక్కా" అన్నాను. ఆ మెప్పు జేబులో వేసుకున్నాను. తర్వాత ఆవిడ ఫిర్యాదు చెయ్యకపోవడాన్నే ఆవిడ మీద సాక్ష్యంగా నిలబెట్టాను.

ఆవిడని ద్రోహి అన్నప్పుడు ఆవిడే చేసిందని నమ్మాను. అంతవరకు నన్ను నమ్ము. కానీ ఆ డ్రైవరు ఒక రోజు నా మిషన్లో ఉందన్న సంగతి మాత్రం ఆ సమావేశంలో నాకు తెలుసు. అది చెప్పి ఉంటే ఎవరో ఒకరు లెక్క కట్టేవాళ్ళు. చెప్పలేదు.

దీనితో పాటు ఆరు పేజీల కరపత్రం పంపుతున్నాను. నెలాఖరు సమావేశంలో పంచుదామని. చూసి దిద్ది పంపు. నీకు తప్ప ఎవరికీ తెలియదు.

నీ తమ్ముడు


మ్యాపుల ఆఫీసు
శనివారం

ఒరేయ్ టపాకాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ కరపత్రం ఒకసారి. రెంటినీ రాసింది ఒకే మనిషంటే ఎవరూ నమ్మరు.

ఆరు పేజీల్లో "నేను" అన్న మాట కోసం వెతికాను. నాలుగో పేజీలో ఒకటి దొరికింది. అదీ "నేను మొదటి నుంచీ హెచ్చరిస్తున్నట్లుగా" అన్న చోట. "నిర్దిష్ట పరిస్థితుల ఒత్తిడిలో ఒక సాంకేతిక పొరపాటు సంభవించింది" అట. సంభవించడానికి అదేమన్నా వానా? "సమష్టి బాధ్యత వహించాలి" అట. డ్రైవరు పెట్టినప్పుడు సమష్టి ఎక్కడుందిరా? ఇంటికి పోయి నిద్రపోతోంది. మూడు పేజీలు కార్డుల కంపెనీలని తిట్టావు. తిట్టాల్సినవాళ్ళే, నాకేం అభ్యంతరం లేదు. కానీ పేజీలక్కని ద్రోహి అన్నది ఏ కంపెనీ? ఆవిడ ప్రస్తావన చివర్లో ఒక్క వాక్యం, "అపార్థానికి గురైన సభ్యురాలు". బస్సు కింద తోసేసి ప్రమాదానికి గురైన ప్రయాణికురాలు అన్నట్టుంది.

దిద్దలేదు. స్టవ్ వెలిగిద్దామంటే అగ్గిపుల్లలు తడిసిపోయాయి, దీన్ని పక్కింటి మంటతో అంటించుకొచ్చాను. బాగా మండింది. నువ్వు రాసినవేవీ ఇంతవరకు ఇంత ఉపయోగపడలేదు.

ఇప్పుడు నా సంగతి. నీ మొదటి ఉత్తరంలో "నా తెర ఒక్కటే వెలిగింది" అన్న ముక్క దగ్గరే నాకు అనుమానం వచ్చింది. అప్పుడే "నువ్వేమైనా చేశావా" అని సూటిగా రాసి ఉండొచ్చు. రాయలేదు. వాడంతట వాడే తెలుసుకోవాలి, అప్పుడే బుద్ధొస్తుంది అని పెద్దరికం వెలగబెట్టాను. నీ చేత పాఠం అప్పజెప్పించుకుంటూ కూర్చున్నాను. నా పెద్దరికం పూర్తయ్యేదాకా ఆ మనిషి పని లేకుండా, పేరు లేకుండా ఇంట్లో కూర్చుంది. నీతులు చెప్పే హక్కు నాకు మాత్రం ఎంత ఉంది? ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. నీకు కూడా చెప్పాలనిపించింది.

ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళు. కాగితాలేవీ పట్టుకెళ్ళకు.

అక్క


ప్రెస్సు, మేడమీది గది
బుధవారం

అక్కా,

వెళ్ళాను. ఆవిడ ఇప్పుడు కాలేజీ వీధిలో జిరాక్సు కొట్లో పని చేస్తోంది. పగలంతా నిలబడే. దిండు గోడవారన స్టూలు మీద ఉంది గానీ కూర్చునే తీరికే లేదు.

నన్ను చూసి తల తిప్పుకోలేదు. చూడనట్టు కూడా నటించలేదు. "లైన్లో నిలబడు బాబూ, నీ ముందు నలుగురున్నారు" అంది. నిలబడ్డాను. నా ముందున్న అమ్మాయి రికార్డు పుస్తకం మొత్తం తీయించుకుంది. ఒక్కొక్క పేజీకీ ఆ పచ్చటి వెలుగు ఆవిడ ముఖం మీంచి పోతూ వస్తూ ఉంది. కళ్ళు చికిలించుకుంటోంది. ఆ పూట ప్రెస్సులో నా కణతలు పట్టేయడం గుర్తొచ్చి చూపు దించుకున్నాను.

నా వంతు వచ్చింది.

"ఎన్ని కాపీలు?"

"కాపీలకి రాలేదక్కా. ఆ డ్రైవరు పెట్టింది నేను. ప్రదర్శన ముందు రోజు. నా డిస్కులోంచే అన్నిటికీ వెళ్ళింది. మీరు కాదు."

ఆవిడ మూత వేసి, చేతులు దాని మీద పెట్టుకుంది.

"నేను కాదని నాకు తెలుసుగా. ఆ వార్త నాకెందుకు మోసుకొచ్చావు?"

"క్షమించమని అడగడానికి."

"ద్రోహి అన్నది ఎక్కడ? అందరి ముందు. గొంతు చించుకుని. క్షమాపణ మాత్రం ఈ మిషన్ చప్పుడులో, నా చెవిలోనా? నీ వెనక నిలబడ్డ ఆయనకి కూడా వినపడలేదు."

నా వెనక ఆయన, "నాకు వినపడిందమ్మా, కానీ నాకు అర్థం కాలేదు. త్వరగా కానివ్వండి, ఆధార్ కాపీ రెండే" అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. నాక్కూడా రాబోయి ఆగిపోయింది.

"ఒక సంగతి అడుగుతాను చెప్పు" అంది. "ఆ రోజు పదిమంది ఉన్నారు. పన్నెండేళ్ళు నా పక్కన కూర్చుని పని చేసినవాళ్ళు. నువ్వు కుర్రాడివి, అరుస్తావు, అది నీ వయసు. వాళ్ళలో ఒక్కరూ 'ఏమ్మా, నిజమేనా' అని అడగలేదు. నీ గొంతు అంత పెద్దదా, నా పని అంత చిన్నదా?"

వెనకాయన ఆధార్ కార్డు ముందుకి చాస్తే, ఆవిడ ఆగమని సైగ చేసి మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఇంటికెళ్ళి మా ఆయనకి ఏమని చెప్పానో తెలుసా? కళ్ళ నొప్పి, కొన్నాళ్ళు ప్రెస్సు మానేస్తున్నా అన్నాను. ద్రోహి అన్నారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెయ్యని పనికి నేను సిగ్గుపడుతూ తిరుగుతున్నా. అది నీది బాబూ. వచ్చి పట్టుకుపో."

"సర్వసభ్య సమావేశంలో చెప్తాను. మీరు కూడా రండి."

"వస్తానో రానో చెప్పను. నేను వస్తేనే చెప్తావా?"

"రాకపోయినా చెప్తాను."

"అయితే వెళ్ళి చెప్పుకో. ఇంకోటి. ఈసారైనా కొంచెం మెల్లగా మాట్లాడు, మాటలు వినపడాలి." ఆ వెనకాయన వైపు తిరిగి, "రెండేనా అన్నారు?" అంది.

అక్కా, అక్కడి నుంచి ప్రెస్సు దాకా నడిచే వచ్చాను. దారిలో ఒక గోడ మీద నా పాత కరపత్రం సగం చిరిగి వేలాడుతోంది. "నిజాన్ని ఎవరూ మూసిపెట్టలేరు" అని నేనే రాశాను. మిగతాది కూడా పీకేద్దామనుకున్నాను. ఉండనీ అనిపించి వదిలేశాను.

సమావేశంలో మొదటి అంశమే ఆవిడ పేరు కొట్టెయ్యడం. పెద్దాయన గంట కొట్టగానే చేతులు లేస్తాయి. నేను లేచి మాట్లాడేలోపే అయిపోతే? అందుకని దానికి ముందే అందరినీ పిలుద్దామనుకుంటున్నాను. ఏమంటావు? పోస్టుకి టైం లేదు, ఇది రాత్రి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను, జవాబు కూడా ఆ బస్సుకే పంపు.

నీ టపాకాయ


మ్యాపుల ఆఫీసు
గురువారం

టపాకాయ్,

ఆవిడ అన్నదాని మీద నేను కలపాల్సింది ఏమీ లేదు.

పిలువు. నోటి మాట వద్దు, అందరూ చదివేట్టు రాసి గేటుకి అంటించు. ఒక పేజీ దాటకూడదు. పేజీలక్కది తప్ప మిగతా నాలుగు మిషన్లని ఇంకా శుద్ధి చెయ్యలేదు కదా, వాటిలో ఒకదాని ముందు నిలబడి ఆ ఫైలు పుట్టిన వేళ వాళ్ళ కళ్ళతోనే చూడనివ్వు. తర్వాత ఆ ఫైలు చెరిపి, కంపెనీ డ్రైవరు తీసి, మిషన్ మళ్ళీ లేపు. వణికితే వణకనివ్వు. ఏ డ్రైవరు ఉండాలో ఆ తెర ముందు రోజంతా కూర్చునే మనుషుల్ని తేల్చుకోనివ్వు. గోడ మీది ఆ పాస్‌వర్డ్ కాగితం తీసేసి, ఎవరి పేరుకి వాళ్ళది వేరుగా పెట్టు. రహస్యం కోసం కాదు. ఎవరు చేసిన పని వాళ్ళ పేరు మీద ఉండటానికి.

సెలవు పెట్టాను. ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. వెనక వరుసలో కూర్చుంటాను. నువ్వు అరిచావంటే లేచి వెళ్ళిపోతాను.

అక్క


ప్రెస్సు గేటు
శుక్రవారం

సభ్యులందరికీ,

పేజీలక్క ద్రోహి కాదు. ఐదు మిషన్లలో కంపెనీవాడి డ్రైవరు ఉండటానికి కారణం నేను. ప్రదర్శనకి ముందు సాయంత్రం తెర వణుకుతుంటే, మీ ముందు పరువు పోతుందని భయపడి, నేను దాన్ని నా మిషన్లో పెట్టాను. ఆ రోజు మీరు చప్పట్లు కొట్టింది నేను చెప్పిన స్వేచ్ఛకి కాదు, కంపెనీవాడి డ్రైవరుకి. అది తెలిసి కూడా నేను ఆ చప్పట్లు పుచ్చుకున్నాను. మర్నాడు నాది మాత్రం తీసేశాను. మీవాటిలోకి అప్పటికే వెళ్ళిపోయింది. బైండర్ బాబాయి తప్పు ఇందులో ఏమీ లేదు, ఆయన నేను చెప్పిన పనే చేశాడు.

తర్వాత అప్‌డేట్లు ఎక్కించి తెరలు నల్లబడేట్టు చేసిందీ నేనే. పది నిమిషాల్లో బాగయ్యేదాన్ని బాగు చెయ్యలేక, పారిశుద్ధ్య కార్మికుల పుస్తకం ఎగ్గొట్టిందీ నేనే. వాళ్ళ కార్యదర్శి గారికి కూడా ఈ కాగితం పంపాను.

పేజీలక్క "నేను కాదు" అన్నప్పుడు నేను ఆమెని ఇంకేమీ అడగలేదు. నేను దాచిన సంగతి దాచుకునే చెయ్యి ఎత్తాను. నన్ను చూసి మీరూ ఎత్తారు. మీ చేతుల సంగతి మీరు చూసుకోండి. నా చెయ్యి నేను దించుతున్నాను.

స్వేచ్ఛా డ్రైవరు మీద నాకు నమ్మకం పోలేదు. కానీ అబద్ధమాడి దాన్ని గెలిపించాను కాబట్టి, ఏది ఉండాలో చెప్పే అర్హత ఇప్పుడు నాకు లేదు. ఇందులో ఆవిడ మాట ముందు వినాలని నా మనవి.

ఆవిడ వస్తానని అనలేదు. రాకపోయినా ఇదంతా మిషన్ ముందు నిలబడి, మీ కళ్ళ ఎదుట చూపించి, నోటితో చెప్తాను. సర్వసభ్య సమావేశం ఆదివారం పది గంటలకి. దానికి గంట ముందు, తొమ్మిదింటికి, అందరూ కింది హాల్లో పేజీలక్క మిషన్ పక్కనున్న మిషన్ దగ్గరికి రండి. దయచేసి ఆలస్యం చెయ్యొద్దు. తొమ్మిదింటికి నాకు ధైర్యం ఉంటుంది. పదింటిదాకా నిలుస్తుందో లేదో నాకే తెలియదు.